కిటికీ ఊచకి ఎర్ర తువ్వాలు

ఇవాళ పొద్దున ఎదుటి బ్లాకు రెండో అంతస్తు కిటికీ ఊచకి ఎర్ర తువ్వాలు కట్టి ఉండగానే, సరిగ్గా దాని కిందే నిలబడి చేపలమ్మి గొంతెత్తి అరిచింది. "సేపలమ్మో... కానాగంతలు!" నా చేతిలో టీ తొణికింది. అది కట్టి ఉండగా ఆమె నోరెత్తడం ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదు.

ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. ఆ ఇంటి అన్నయ్యది ఎలమంచిలి పక్క పల్లె, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. నైట్ షిఫ్టు చేసి వచ్చి ఆయన పడుకున్నప్పుడల్లా వదిన దాన్ని ఊచకి కట్టేది. ఎవరూ ఎవరికీ చెప్పకపోయినా మా కూర్మన్నపాలెం సందుకంతా దాని అర్థం తెలుసు. క్రికెట్ ఆడే పిల్లలు అవుటా కాదా అని గుసగుసగా దెబ్బలాడుకునేవారు. యారాడ నుంచి వచ్చే ఈ చేపలమ్మి, మామూలుగా నాలుగు వీధులకి వినబడే మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుని నోరు మెదపకుండా పైకి చూసేది. వదిన ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని చేపలు. పత్రికలో రాత్రి డెస్కు పని ముగించుకుని తెల్లారాక ఇల్లు చేరే నేను కూడా ఆ తువ్వాలు చలవతోనే నిద్రపోయేవాణ్ణి. ఆ మాట వాళ్లకి ఇప్పటికీ చెప్పలేదు.

అన్నయ్య రిటైరై ఏడాదైంది. షిఫ్టు మాత్రం ఒంట్లోంచి దిగలేదు. రాత్రంతా హాల్లో పచార్లు, పగలంతా నిద్ర, ఊచకి ఎప్పట్లాగే తువ్వాలు. ఆ మధ్య మగతలో మెట్ల మీద తూలి, రెయిలింగ్ చేతికి దొరకబట్టి బతికిపోయాడు. పగలు పడుకోనివ్వొద్దన్నాడు డాక్టరు.

"లేపుదారనే ఎల్తన్నాను తమ్ముడూ. ఎల్లి దుప్పటి సర్ది వచ్చెత్తన్నాను" అని వదిన నిన్న కిటికీలోంచి నాతో వాపోయింది.

ఇవాళ్టి అరుపుకి అన్నయ్య కళ్లు నులుముకుంటూ కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏటమ్మా ఆ అరుపు? తువ్వాలు కనబడనేదేటి?"

"కనబడింది బాబూ. నీ డ్యూటీ అయిపోయి యాడాదైనాది. నానింకెప్పుడు నోరిప్పాలి?"

"రేపట్నుంచి ఇప్పకు!"

"రేపింకా గట్టిగా అరుత్తాను. అమ్మగారే అరవమన్నారు."

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. వంటింటి గుమ్మంలో వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అరవమని పురమాయించిన మనిషే, పొద్దున్నే అలవాటుకొద్దీ తువ్వాలు కూడా కట్టేసింది. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని కిందికి దిగి, చేపల మొప్పలు ఎత్తి చూస్తూ చేపలమ్మితో చాలాసేపు వాదులాడాడు. మళ్లీ పడుకోలేదు.

సాయంత్రం ఆయన బాల్కనీ కుర్చీలో ఆవలిస్తూ కూర్చున్నాడు. ఈ రాత్రి నిద్ర పడుతుందో లేదో రేపు గాని తెలియదు. తువ్వాలు మాత్రం ఇంకా ఊచకే ఉంది. వదిన విప్పలేదు, అన్నయ్యా విప్పలేదు. అన్నేళ్లుగా కడుతూ వచ్చిన ముడి, దాన్ని ఎవరు విప్పాలో వాళ్లకింకా తేలినట్టు లేదు.