డెల్బర్ట్ వద్దన్న రెండో భాగం

మా తమ్ముడు డెల్బర్ట్‌కు బాగా వచ్చిన పనులు రెండు. దుకాణాల మీద పేర్లు రాయడం, తనకు తెలియని సంగతి గట్టిగా చెప్పడం. మిస్సోరీలో మా ఊరి బోర్డులన్నీ వాడి చేతివే. కొలబద్ద ముట్టుకోకుండా, కంటితో చూసి గీత గీసేవాడు. ఆ కంటికున్న బుద్ధి తలకు లేకపోయింది.

అరవై ఐదు నిండగానే వాడికి సర్కారు ఆరోగ్య బీమా కార్డు వచ్చింది. అందులో రెండు భాగాలు. ఆస్పత్రిలో మంచం ఎక్కితే మొదటి భాగం చూసుకుంటుంది. దానికి నెలనెలా కట్టేదేమీ లేదు. మంచం ఎక్కకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చే వైద్యమంతా రెండోది, పార్ట్ బి. దానికి పెన్షన్‌లోంచి నెలనెలా కోసుకుంటారు. ఈ కోత అనే మాట వినగానే మా వాడికి ఒళ్లు మండింది.

"నేను డాక్టరు గడప తొక్కి ముప్పై ఏళ్లయింది. వాళ్లను మేపడానికా నా డబ్బు?" అంటూ ఊరి హోటల్లో, అందరి ముందూ, రెండో భాగం వద్దని సంతకం పెట్టి కార్డు తిప్పి పంపించాడు. కాఫీలు తాగుతున్న మగమహారాజులంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ర్యాండల్, వాడి ఈడువాడే.

"ఒరేయ్, ముసలితనం నిన్ను అడిగి వస్తుందనుకున్నావా?" అన్నాను.

"నీకు భయం ఎక్కువక్కా," అన్నాడు.

మూడేళ్లు గడిచాయి. ఒక ఏప్రిల్‌లో దాణా కొట్టు గోడ మీద పేరు రాశాడు. అక్షరాలు తాగి నడుస్తున్నట్టున్నాయి. హోటల్ బ్యాచి అంతా చూసింది, ఒక్కడూ నోరు విప్పలేదు. చప్పట్లకు లేచిన చేతులే తప్ప నిజం చెప్పే నోళ్లు కావవి. చివరికి నేనే చెప్పాను.

"గోడ వంకరక్కా," అన్నాడు. మర్నాడు మా ఇంటి గుమ్మం కూడా వంకరే అన్నాడు. చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

కుడి కంటి వెనక నెత్తురు కారుతోందట. నెలనెలా కంట్లో సూది వేయకపోతే చూపు పోతుందట. ఆ సూది కుర్చీలో కూర్చోబెట్టి వేస్తారు. అంటే రెండో భాగం. సొంతంగా కట్టుకోవాలంటే ఆ సూది వెల వాడి పెన్షన్‌ను మింగి ఇంకా అడిగేలా ఉంది.

"పోనీ ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకుంటా. అక్కడే పొడవండి, మొదటి భాగం కింద రాసుకోండి," అన్నాడు మా మేధావి.

కౌంటర్ దగ్గర అమ్మాయి నవ్వు ఆపుకుంది. "అలా కుదరదండీ. పార్ట్ బిలో మళ్లీ చేరాలన్నా జనవరి దాకా ఆగాలి. ఆలస్యానికి జరిమానా జీవితాంతం పడుతుంది."

వెనక్కి తిరిగితే ర్యాండల్ కూర్చుని ఉన్నాడు, ఒక కంటికి పట్టీతో.

"నువ్విక్కడేంట్రా?" అన్నాడు మా వాడు.

"సూదికి. పోయిన ఏడాది నుంచీ వేయించుకుంటున్నా."

"నీకు పార్ట్ బి ఉందా?"

"ఉండదా మరి? నాకేమన్నా పిచ్చా?"

ర్యాండల్ మొహాన సిగ్గు వెతికాను. దొరకలేదు. వాడి మీద ఉమ్మేద్దామనిపించింది గానీ ఆస్పత్రి నేల శుభ్రంగా ఉంది.

చర్చిలో చందా పోగుచేశాం, ఒక్క సూదికి సరిపోయింది. ఆ తర్వాత సూది లేకుండానే వేసవి, చలి రెండూ మా వాడు ఓర్చుకున్నాడు. జనవరిలో బీమా ఆఫీసు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాడు. ఫిబ్రవరిలో బీమా మొదలైంది. డాక్టరు కంట్లోకి చాలాసేపు చూసి, కుడి కంటి వెనక మచ్చ కట్టేసిందని, ఇక అందులో సూది వేసి లాభం లేదని చెప్పింది. ఎడమ కంటికీ అదే మొదలైందట, దాన్ని మాత్రం నిలబెట్టవచ్చట.

నా కడుపులో పది నెలలుగా దాచుకున్న తిట్లన్నీ కారెక్కాక వదలాలనుకున్నాను. తలుపు వేయగానే వాడు ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నా వైపు తిరిగాడు.

"అక్కా, నీ జుట్టు కనిపిస్తోంది. చెవులు కనిపిస్తున్నాయి. మధ్యలో మొహం లేదు."

నేను కారు స్టార్ట్ చేయలేకపోయాను.

"తిట్టవే," అన్నాడు.