సీటు మీద దస్తీ

మొన్న డిండి దాటి అచ్చంపేట వైపు పోతుంటే నా స్కూటరు ముందు ఒక లారీ ఆయాసపడుతూ గడ్డ ఎక్కుతోంది. ఉన్నట్టుండి కాలిన క్లచ్ ప్లేటు వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. మాడిన పప్పులో రబ్బరు చెప్పు వేసి ఉడికించినట్టు ఉంటుందని మా ఆవిడ ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసన వెనకాలే ఖస్ అత్తరు వాసన కూడా వస్తుంది, ఖాసిం సాబు నా పక్కనే కూర్చుని "క్లచ్ మీద కాలు తియ్‌వయ్యా, గది నీ అత్తగారింటి పీట గాదు" అన్నట్టుంటుంది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయనను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మాది చండూరు పక్కన మగ్గం ఇల్లు. చెయ్యి నిలవక ఆ పని వదిలేశాను గాని నేత మాత్రం నోటికెక్కింది. ఒక్క పోగు దొరికితే చాలు, అంచూ కొంగూ పెట్టి చీర దించేస్తాను. కొలతలు సగానికి కోసుకుని చదవండి. పూర్తిగా కల్పించింది ఒకే ఒక చోట. అదెక్కడో చివర నేనే ఒప్పుకుంటాను.

ఖాసిం సాబు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన హారన్ వినగానే శ్రీశైలం ఘాటు మలుపులు వాటంతట అవే తిన్నగా సర్దుకునేవని ఎన్నో పెళ్లిళ్లలో చెప్పాను, ఎవరూ కాదనలేదు. మీసానికి అటొకటి ఇటొకటి లాంతర్లు తగిలించవచ్చు. రిటైరయ్యాక అచ్చంపేటలో ఒక పాత జీపు కొని డ్రైవింగు స్కూలు పెట్టాడు. ఏ నవాబో వేటకు వచ్చి, పులిని చూసి, జీపు వదిలేసి పారిపోయి ఉంటాడని నా అనుమానం. దాని ఎడమ తలుపును చేంతాడుతో కట్టేవాళ్లం. ఇక ఎవరి కిందా స్టీరింగు పట్టనని ఆయన రిటైరైన నాడే ఒట్టు వేసుకున్నాడు. బతుకంతా "ఏయ్ డ్రైవర్, ఆపు" అనిపించుకున్న చెవులవి. ఇప్పుడు ఊరంతా ఉస్తాద్ అని పిలుస్తుంటే మీసం దానంతట అదే పైకి లేచేది. పెళ్లికొడుకు కారు నడపమని షావుకార్లు వచ్చి బతిమాలినా "నేర్పుమంటె నేర్పుత, నడుపుమంటె నడుప" అని చాయ్ తాగించి పంపేవాడు.

నేను ఆయన దగ్గర చేరింది తెలంగాణ వచ్చిన కొత్తల్లో. కొత్త రాష్ట్రం, చేతిలో డిగ్రీ. కొలువు ఈరోజో రేపో వచ్చి తలుపు కొడుతుందని గడపలోనే కూర్చున్నాను. తలుపు కొట్టింది పాలవాడు, అదీ బాకీ కోసం. చివరికి ఎవరో చెబితే అచ్చంపేట వచ్చి ఖాసిం సాబు ముందు నిలబడ్డాను.

"ఏం పనొస్తది?" అన్నాడు, జీపు కింద నుంచే.

"మాట్లాడొస్తది సాబ్."

"గదైతె ఇనవడ్తనే ఉంది." జీపు కింద నుంచి ముందు మీసం, తర్వాత మనిషి బయటకు వచ్చారు. "రోడ్డు బోర్డులు, గుర్తులు, రూల్సు నువ్వు జెప్పు. గేర్లు నేను జూస్కుంట. గని ఒక్కటి యాదివెట్టుకో. కుక్క అడ్డమొస్తె కుక్క అను, పులి అనకు. నేర్చుకునేటోడు బెదుర్తడు."

నాకు దొరికిన మొదటి కొలువూ, నా నోటికి పడిన మొదటి బ్రేకూ అదే.

కొన్నాళ్లకు చెంచులకు డ్రైవింగు నేర్పించాలని ఒక శిక్షణ పథకం మా స్కూలుకు వచ్చింది. మన్ననూరు దాటితే నల్లమల అడవి, అందులో చెంచుల గూడేలు. వాళ్లు పెంటలంటారు. నేను సంబరపడి బోర్డు కూడా రాయించబోయాను. ఖాసిం సాబు మాత్రం "ముందుగాల పోయి మనుషులను అడుగుదాం పా" అని నన్ను జీపులో పడేసుకుని అడవిలోకి తీసుకుపోయాడు. అక్కడే ఈదమ్మను చూశాం. ముప్పై ఏళ్లుంటాయి. మాట గురి చూసి వదిలిన బాణంలా సూటిగా తగులుతుంది. ఆమె గుడిసెలో గోడ నిండా సర్టిఫికెట్లు. కుట్టు మిషనుకు ఒకటి, అగరుబత్తీలకు ఒకటి, పుట్టగొడుగులకు ఒకటి, కొవ్వొత్తులకు ఒకటి.

"ఇన్ని పనులొస్తయా నీకు?" అన్నాను నోరు తెరిచి.

"పనులన్నీ వచ్చు సారూ. పనే లేదు," అంది ఈదమ్మ. "ఏటికొకరు వస్తరు, నేర్పుతరు, ఫొటో దిగుతరు, పోతరు. ఇంకో నాలుగు కాయితాలిస్తే వానకు గుడిసె మీద కప్పుకుంటం."

ఆమె మగడు పక్కనే తేనె పిండుతూ కిసుక్కున నవ్వాడు. ఆ తేనెపట్టు గంగాళమంత ఉందని రాయాలని చెయ్యి దురదపెడుతోంది గాని, చెంబంతే. ఆ చెంబెడు తేనెనే పెంటలో ప్రతి ఇంటికీ పంచారు. తేనెకు పోనివాళ్లకు కూడా, ఊరకనే వచ్చిన మాకు కూడా.

ఖాసిం సాబు వేలు నాకుతూ అడిగాడు. "నీకేం పని గావాలె బేటీ? నేను నేర్పేది గాదు, నీకు గావాల్సింది జెప్పు."

ఈదమ్మ ఆలోచించకుండానే చెప్పింది. "అడివి గేటుకాడ పులిని సూస్తానికొచ్చేటోళ్లను తిప్పే జీపు. పట్నం డ్రైవర్లు నడుపుతాండ్రు. మేమేమో పత్తి ఏరనీకి ఎక్కడెక్కడికో పోతున్నం. పని బైట ఉంటే ఒకనాటికి మేం గూడ బైటికే పోవాల్సొస్తది సాబూ. పని లోపలుంటే ఇల్లు గూడ లోపలే ఉంటది."

తిరుగు దారిలో ఖాసిం సాబు ఇంటికి పోలేదు. నేరుగా అడవి గేటుకు పోయి, అక్కడి ఆఫీసరు ముందు కూర్చున్నాడు. "సాబ్, డ్రైవింగు నేర్పుడు నాకు ఆసాన్, కష్టమేం గాదు. నేర్పినంక ఎక్కనీకి సీటుండాలె. ముందు సీటు సూపెట్టుండ్రి, తర్వాత నేర్పుత." ఆఫీసరు మంచివాడు. వానాకాలమంతా మూసి ఉండే గేటు మళ్లీ తెరిచేనాటికి లైసెన్సు తెస్తే ఒక జీపు ఆ పెంటకే ఇస్తానన్నాడు. తేకపోతే ఎప్పటిలా పట్నం డ్రైవరుకే అని కూడా అన్నాడు. ఊళ్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆ సీటు కోసం గేటు చుట్టూ తిరుగుతున్నారు.

అలా ఈదమ్మ మా స్కూల్లో చేరింది. రోడ్డు గుర్తులు చెప్పడం నా వంతు. "లోనికి పోరాదు" బోర్డు చూపించి ఇదేంటని అడిగితే "ఇది మాకు ఎరికే సారూ, మా అడివిల మాకే పెట్టిండ్రు," అంది. నేను దగ్గి తర్వాతి బోర్డుకు పోయాను. గేర్లు మార్చడం ఖాసిం సాబు నేర్పాడు. మొదటి వారం ఆ జీపు కప్పలా గెంతింది, అచ్చంపేట కోళ్లన్నీ కల్వకుర్తికి వలసపోయాయి. ఈదమ్మ మగడు ఒక్కసారే ఎక్కాడు, ఆకాశమంత చెట్టు కొమ్మకు వేలాడి తేనె తీసే మనిషి, రెండో గేరుకే దిగి నడిచిపోయాడు. ఆమె మాత్రం వదల్లేదు. గేరు గీరుకున్నప్పుడల్లా "అబ్బా, దీనికి పండ్లు నొస్తున్నయి సాబూ," అనేది. ఖాసిం సాబు "దానికి లేవు, నాకు నొస్తున్నయి," అనేవాడు.

ఒక్క అలవాటు మాత్రం నాకు భయం పుట్టించింది. దారిలో ఎవరు నడిచిపోతున్నా ఈదమ్మ జీపు ఆపేసేది. తెలిసినవాళ్లా కాదా అని లేదు. "ఖాళీ జాగా పెట్టుకుని మనిషిని దాటిపోతమా?" అనేది. ఒకసారి బయలుదేరినప్పుడు ముగ్గురం ఉన్నాం, తిరిగి వచ్చేసరికి బానెట్ మీద కూడా జనమే. టెస్టుకు రెండు రోజుల ముందు నేను ఖాసిం సాబును పక్కకు పిలిచాను. "సాబ్, టెస్టు నాడు గిట్ల ఆపితే కొంప మునుగుతది. ఒక్క పూట ఆపొద్దని జెప్పండి."

ఆయన మీసం నిమురుకున్నాడు. "అద్దం జూడుమని జెప్పిన, చెయ్యి జూపి పక్కకు ఆపుమని జెప్పిన. మనుషులను ఇడిసిపెట్టి పోవుడు నేనెట్ల నేర్పాలె మాస్టర్? నాకే రాకపాయె."

టెస్టు నాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో, నేనూ ఖాసిం సాబూ వెనక. ఈదమ్మ నున్నగా, నీళ్ల మీద ఆకులా నడుపుతోంది. ఇంకొక్క మలుపు తిరిగితే అయిపోతుంది. అప్పుడు కనబడింది, మిట్టమధ్యాహ్నం ఎండలో మేకపిల్లను చంకన పెట్టుకుని నడుస్తున్న లంబాడా ముసలమ్మ. ఆపొద్దని లోపలే మొక్కుకున్నాను. జీపు అద్దం చూసుకుని, చెయ్యి చూపి, పద్ధతిగా పక్కకు ఆగింది.

"ఎందుకాపినవమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముసలామె సారూ. ఎండ."

"ఇది టెస్టా, షేరాటోనా?"

అప్పటికే ముసలమ్మ నా ఒళ్లో మేకపిల్లను పెట్టి, నా కాలు తొక్కి, కూర్చుని, ముందుకు వంగి ఇన్‌స్పెక్టరు భుజం తట్టింది. "మంచిగ నడుపుతాంది బిడ్డా. పాసు జెయ్యి, నీ కడుపు సల్లగుండ." మేక కూడా వత్తాసు పలికింది. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మొదట మూతి బిగించి, తర్వాత పొట్ట ఊగేలా నవ్వి, "పాస్" అన్నాడు. వానలు పోయి గేటు తెరిచిన నాడే ఈదమ్మ జీపెక్కింది.

ఈ కథను నేను పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, దవాఖాన వరండాల్లో ఇక్కడి దాకా చెప్పి ఆపేసేవాణ్ని. జనం చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు నా ఒప్పుకోలు. మేకను కల్పించానని మీరు అనుకుంటున్నారు. మేక నిజం, చొక్కా మీద మరక ఇంకా ఉంది. నేను కల్పించింది ఇన్‌స్పెక్టరు నవ్వును. ఆయన నవ్వలేదు. "టెస్టుల చెప్పకుంట బండి ఆపొద్దు. మళ్ల రాండ్రి," అని దిగిపోయాడు. రూలు ప్రకారం ఆయన తప్పేమీ లేదు. ఈదమ్మ ఆ రోజు ఫేలయింది. మళ్లీ టెస్టు వచ్చేలోపు గేటు తెరుచుకుంటుంది, సీటు వేరేవాళ్లకు పోతుంది. ముసలమ్మను ఇంటి దగ్గర దింపి వెనక్కి వచ్చాం. దిగేటప్పుడు ఈదమ్మ ఒక్కటే అంది. "గోడ మీద ఇంకో కాయితం తగిలిచ్చుకుంట తియ్ సాబూ."

మరునాడు ఖాసిం సాబు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించాడు. ఎక్కడికని అడిగితే, "రష్ ఉన్న బస్సుల కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుతరు గద? గట్ల అనుకో. గా సీటు మీద ఈదమ్మ దస్తీని నేనే," అన్నాడు. గేటు ఆఫీసరు దగ్గరికి పోయి, పెంట తరఫున జీపు నేనే నడుపుతాను, ఆమెకు లైసెన్సు వచ్చిన నాడు దిగిపోతాను అన్నాడు. షావుకార్లకే నడపనన్న మనిషి, మోకాళ్ల నొప్పికి నూనె రాసుకుంటూ, పట్నం నుంచి వచ్చిన పిల్లకాయలను ఎక్కించుకుని అడవిలో తిప్పాడు. నేను ఒకరోజు వెనక కూర్చుని చూశాను. నల్లద్దాల కుర్రాడొకడు "ఏయ్ డ్రైవర్, ఆపు! పులి ఎక్కడ?" అని భుజం మీద కొట్టాడు. నేను సీట్లోంచి లేవబోయాను. ఖాసిం సాబు జీపు ఆపి, వెనక్కి తిరిగి, "దానికి ఫోన్ జేసిన సాబ్, స్విచ్చాఫ్ వస్తాంది," అన్నాడు. ఉస్తాద్ అంటే పైకి లేచే ఆ మీసం కొంచెం కిందికి వాలింది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

మళ్లీ టెస్టులో దారి వెంట ఎవరూ నడవలేదు, మా అదృష్టం. ఈదమ్మ పాసైన పొద్దే ఆయన సీటు దిగి, దస్తీతో స్టీరింగు తుడిచి, తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. దారిలో నాతో అన్నాడు. "నేను నడిపిన ముచ్చట ఎక్కడ జెప్పకు. సాబు ఇప్పిచ్చిన కొలువు అంటరు. ఆమె గెలిచింది. ఆమెనే గెలిచింది అననియ్. నీకు ఎచ్చులు మంచిగొస్తయి గద, ఏదన్న ఒకటి అల్లు." అలా పుట్టింది ఇన్‌స్పెక్టరు నవ్వు. నా జీవితంలో ఒకరు అడిగి చెప్పించుకున్న అబద్ధం అదొక్కటే.

ఆయన పోయిన నాడు ఈదమ్మ అడవి నుంచి ఒక్కతే జీపులో బయలుదేరింది. అచ్చంపేట చేరేసరికి అందులో నలభై మంది. సరే, పదిహేను మంది. దారి పొడుగునా నడిచిపోయేవాళ్లందరినీ ఎక్కించుకుంటూ వచ్చింది, వాళ్లలో సగం మందికి ఎవరి చావుకు పోతున్నామో కూడా తెలియదు. గోరీలో మట్టి వెయ్యడం అయ్యాక ఆమె నా దగ్గరకు వచ్చింది. "సారూ, నేను ఫేలైన సంగతి గూడ జెప్పు ఇగ. పాసైన కతే జెప్తే సాబు ఏం జేసిండో ఎట్ల తెలుస్తది?"

అందుకే రాశాను. స్కూలు ఇప్పుడు నేను నడుపుతున్నాను. జీపు మారింది, తలుపులు రెండూ మూసుకుంటాయి. ఈ మధ్య పెంటల పిల్లలను బడికి తెచ్చే వ్యాను పని ఈదమ్మ తమ్ముడు లింగన్నకు వచ్చింది. టెస్టులో రివర్సు పోతూ డబ్బాను గుద్ది ఫేలయ్యాడు. సీటు పోతుందన్నారు. లింగన్న మళ్లీ టెస్టుకు పోయి పాసయ్యేదాకా ఆ వ్యాను నేనే తోలుతున్నాను. స్టీరింగుకూ నా పొట్టకూ మధ్య అగ్గిపుల్ల దూరదు. పొద్దున్నే పిల్లలు వెనక నుంచి "ఓ డ్రైవర్ తాతా, జల్ది పోనియ్యి," అని కేకలు పెడతారు. డ్రైవర్ అన్నందుకు నాకేమీ బాధ లేదు. తాతా అనడమే కొంచెం ఎచ్చు.