రాజన్న ఫోటో ముందు పాస్‌పోర్టు

అంకయ్య మస్కట్‌లో బేకరీ రొట్టెలు దుకాణాలకు చేరవేసే బండి నడుపుతాడు. ఊరు మంచిర్యాల దగ్గర, తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. అడిగినవాళ్లకు లేదనడం అంకయ్యకు రాదు. అదొక రోగమని నేను తిడుతూనే ఉంటాను, నాకు పని పడితే మాత్రం ముందు అతనికే ఫోన్ చేస్తాను.

ఆ ఆదివారం నాతో, అంకయ్యతో ఒకే గదిలో ఉండే పరశురాములు ఊరికి బయలుదేరాడు. మర్నాడు వేములవాడలో అతని చెల్లెలి కొడుక్కి పుట్టువెంట్రుకలు. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని తొలి కత్తెర వెయ్యాల్సిన మేనమామ ఇతనొక్కడే. మా అందరి పాస్‌పోర్టులూ గదిలో వేములవాడ దేవుడు రాజన్న ఫోటో ముందు దొంతరగా ఉంటాయి. ఊరికి వెళ్లేవాడు తనదానికి కుంకుమ బొట్టు పెట్టి, తానూ పెట్టుకొని, దండం పెట్టి జేబులో వేసుకోవాలి. పరశురాములు బొట్టు పెట్టాడు, దండం పెట్టాడు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. జేబులో వేసుకోవడమొక్కటే మరిచాడు.

అంకయ్య అన్నం కలుపుకుంటుండగా ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్.

"అన్నా, పాస్‌పోర్టు దేవునికాడనే ఉన్నది. కౌంటర్ బంద్ జేస్తరట. నేను పోకుంటే పోరడు ఎవరొళ్లె కూసుంటడే?"

"ఫికర్ జెయ్యకు. ఆడనే ఉండు, వస్తున్న."

ఏది ఎవరిదో చూసే ఓపిక లేక దొంతర మొత్తం ఎత్తుకొని పరుగెత్తాడు. వెంట నేను. మామూలుగా సైకిలుకు కూడా దారిచ్చే మనిషి, ఆరోజు దొరికిన సందులోకల్లా బండిని దూర్చాడు. వెనక ఖాళీ ట్రేలు గడగడలాడాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాను, కానీ అబద్ధమెందుకు, భలే ఉషారొచ్చింది.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర గార్డు ఆపాడు. పిండి మరకల చొక్కా, చేతినిండా పాస్‌పోర్టులు, ఆ పరుగు చూస్తే ఎవరు ఊరుకుంటారు? ఇవన్నీ ఎవరివని హిందీలో గద్దించాడు. అంకయ్యకు వచ్చిన కాస్త హిందీ కూడా ఎటో పోయింది. "మామా, మామా" అంటూ నెత్తిమీద వేళ్లతో కత్తెర ఆడించి చూపాడు. గార్డు అనుమానం రెట్టింపయింది.

చివరికి పైనున్న పాస్‌పోర్టు ముందుకు చాపాడు. "గీ బొట్టు జూడు సార్. ఇంకా ఆరలే."

గార్డు దాన్ని తెరిచి ఫోటో చూశాడు. అద్దం అవతల చేతులు జోడించి నిలబడ్డ పరశురాములును చూశాడు. అదే ముఖం, నుదుట అదే కుంకుమ. నవ్వాపుకుంటూ తానే అతన్ని కౌంటర్ దాకా తీసుకెళ్లాడు.

మర్నాడు వేములవాడ నుంచి వీడియో కాల్. మేనమామ ఒళ్లో పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. తొలి కత్తెర పడింది. రెండోది వెయ్యబోతుంటే పరశురాములు చెల్లెలు మహేశ్వరి ఫోన్ అందుకుంది.

"అంకన్నా, గీ కత్తెర నీ పేరు మీద. నువ్వు లేకుంటే మా అన్న వచ్చేటోడే కాదు. ఇగ నువ్వు సుత మేనమామవే, నాకు చీర వెట్టాలె."

అంకయ్య తోడబుట్టినవాళ్లందరూ మగవాళ్లే. ఇన్నేళ్లలో అతన్ని మేనమామ అన్నవాళ్లు లేరు. "వెడ్త చెల్లె" అన్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి, చొక్కా కూడా మార్చకుండా నన్ను చీరల దుకాణానికి లాక్కెళ్లాడు. ఏ రంగు కావాలని దుకాణంవాడు అడిగాడు.

"మా చెల్లెకు" అన్నాడు అంకయ్య.