ప్రార్థనకు పాత కంప్యూటర్, పనికి కొత్తది

దీర్ఘశాంతుడైన దేవునికి స్తోత్రం. మా ఆసుపత్రి ఆఫీసును ఇన్నేళ్లు భరించాడంటేనే ఆయన శాంతం ఎంత దీర్ఘమో తెలుస్తుంది.

ఎనభైల నడుమ మదనపల్లె దగ్గరి మా చిన్న మిషన్ ఆసుపత్రికి విదేశీ విశ్వాసులు తాము వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి పంపారు. నేను ఆ ఆఫీసు చూసుకునేవాణ్ని. రోగుల పేర్లు అందులోనే ఎక్కించేవాళ్లం. పొద్దున్నే స్విచ్ వేసి ఫ్లాపీ పెడితే, గరగరమని తిరిగి తిరిగి ఆపరేటింగ్ సిస్టమ్ లేచేది. అంతసేపు ఊరికే నిలబడటం ఎందుకని కౌంటర్ దగ్గర అందరం ప్రభువు ప్రార్థన చెప్పుకునేవాళ్లం. ఆమేన్ అనేసరికి తెరమీద అక్షరాలు వచ్చేవి. ఇది అద్భుతమని పుంగనూరు సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాం.

కొన్నేళ్ల తర్వాత కుప్పం నుంచి ఒక ఇంజనీరు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పాత ప్రోగ్రాం అందులో నడవదు కాబట్టి, పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్ ఒకటి వేశాడు. మా సంఘపెద్ద తెరను తేరిపార చూసి, ఇది మేకతోలు కప్పుకుని అన్నలా నటించి తండ్రిని మోసగించిన యాకోబని తేల్చాడు. తండ్రి దీవెన దక్కింది ఆ యాకోబుకే కదా అని ఇంజనీరు అంటే, ఆసుపత్రి కమిటీ ఆ మాటను సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కించలేదు.

హార్డ్ డిస్క్ పుణ్యమా అని ఈ నకలు రెప్పపాటులో లేచేది. పని మాత్రం పాతదానికన్నా మెల్లగా చేసేది, కొత్తగా మారుమనస్సు పొందినవాళ్లలాగే. దాంతో ప్రార్థన ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. మధ్యలో ఖాళీ లేదు, అంతే.

భార్య కడుపులో గడ్డకు వైద్యం కోసం పెద్దమండ్యం రైతు ఒకాయన చాలా నెలలుగా వస్తుండేవాడు. మా సంఘం మనిషి కాకపోయినా ప్రార్థనకు తలపాగా తీసి నిలబడేవాడు. కొత్త కంప్యూటర్ వచ్చాక ఆయన మొదటిసారి వచ్చిన ఆపరేషన్ రోజు కూడా అలాగే కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"పేరు చెప్పప్పా, వెనక జనం ఉండారు" అంది క్లర్కమ్మ.

"ఇంగా ప్రార్థన కాలేదు గదమ్మా."

కొత్తది వెంటనే లేస్తుందని, ఇక కాచుకునే పని లేదని ఆమె వివరించింది.

"మిషన్ బిరబిరా లేస్తే మీ దేవునికి తీరిక లేకుండా పోయిందా? ఈ పొద్దు మా ఆడామెకి ఆపరేషను. ఆ పాతదాన్నే ఒకసారి తిప్పమ్మా. ఆ గరగర లేకుండా ప్రార్థన పైకి పోతాదో లేదో."

ఎవరం నవ్వలేకపోయాం. బల్ల కింద దుమ్ము పట్టిన పాతదాన్ని పైకెత్తి తిప్పాం. గరగరల మధ్య అందరం ప్రార్థించాం. వరసలో వెనక ఉన్నవాళ్లు కూడా తొందర పెట్టలేదు.

గడ్డ తీశాక, ఆ తల్లి నడిచి ఇంటికి పోయింది. డాక్టరు తన కత్తి వల్ల అన్నాడు, సంఘపెద్ద తన ఉపవాసం వల్ల అన్నాడు, రైతు మాత్రం ఆ పాత యంత్రానికి దండం పెట్టి పోయాడు. అప్పటినుంచి పని నకలులో, ప్రార్థన అసలులో. చివరికి పాతది మూలబడితే, ఆ గరగరను కూడా ఎమ్యులేటర్‌లో పెట్టించవచ్చునా అని కమిటీ ఆలోచించింది.

చదువరీ, ఏ గరగరా వినబడకపోయినా ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకో. ప్రభువా, యంత్రం ఆలస్యమైతే తప్ప నిన్ను తలుచుకోని మమ్మల్ని క్షమించు. ఆమేన్.