మా అత్తమ్మ పాటల డబ్బా

మా అత్తమ్మ బుచ్చమ్మకు రోత ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరు నీళ్లు తాగుతుంటే ముఖం పక్కకు తిప్పుకుంటుంది. బస్సులో పక్క సీటువాడు గుట్కా నములుతుంటే మా మునగాల నుంచి కోదాడ దాకా నిలబడే వస్తుంది. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి ఇంత శుచి ఎందుకని వాడలో నవ్వుకునేవాళ్లు. కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ రోత నాకూ అంటుకుంది. అందుకే ఈ సంగతి చెప్పేటప్పుడు నా మాట కరుకుగా ఉంటుంది, ఓర్చుకోవాలి.

నా భర్త గోపి మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. రెండేళ్ల కిందట కొత్త ఫోను కొనుక్కుని పాతది తల్లికిచ్చాడు. దాని అద్దం బీటలు వారింది, సిమ్ము లేదు. మాట్లాడటానికి పనికిరాదు గానీ పాటలకు నిక్షేపంగా పనికొస్తుంది. కోదాడ బస్టాండు దగ్గర మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించే షాపు ఒకటుంది. అక్కడ కార్డు నిండా జానపదాలు ఎక్కించి, ఒక జత ఇయర్‌ఫోన్లు కూడా కొనిచ్చాడు. ఆమె దాన్ని ఎప్పుడూ ఫోను అనలేదు. "నా పాటల డబ్బా ఏడ వెట్టినవే రాణీ?" అనేది.

నాట్లకు వెళ్లినా, పత్తి ఏరడానికి వెళ్లినా రొండిన ఆ డబ్బా ఉండాల్సిందే. వైరు జాకెట్టు మీదుగా పైకి వచ్చి ఎడమ చెవిలోకి పోయేది. కుడి చెవి ఖాళీగా ఉంచేది, ఎవరైనా పిలిస్తే వినబడాలి కదా. పెదవులు కదిలేవి గానీ గొంతు బయటికి వచ్చేది కాదు. మామ పోయాక ఆమె ముఖంలో కాస్త కళ కనబడింది ఆ డబ్బా వచ్చిన తర్వాతే.

"ఎవని పాట వాడు చెవిల పోసుకోవాలె, పక్కోని మీద సల్లొద్దు" అనేది ఆమె సూత్రం. బస్సులో ఎవడైనా ఫోను బిగ్గరగా పెట్టాడంటే వాడి పని అయిపోయినట్టే. "ఏం నాయనా, హెడ్‌సెట్టు లేదా? లేకుంటే జెప్పు, బస్సుల చందాలెత్తి కొనిస్తం" అని అందరి ముందూ అడిగేది. వాడు ఆపేదాకా వాడి వైపే చూస్తూ నిలబడేది.

ఆ ఇయర్‌ఫోన్లను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రోజూ సాయంత్రం వాటి కొసలను కొంగుతో తుడిచి, చిన్న డబ్బీలో పెట్టి మూత వేసేది. ఒకసారి ఆమె తమ్ముడి కొడుకు యుగంధర్ నడిగూడెం నుంచి వచ్చాడు. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ వీడియోలు తీసి నెట్‌లో పెట్టే మనిషి అతను. చేతిలో ఫోను లేకుండా అన్నం కూడా తినడు. అడగకుండానే ఆ వైర్లు తీసి చెవుల్లో దోపుకుని తల ఊపుతూ కూర్చున్నాడు. తిరిగిచ్చినప్పుడు వాటి కొసకు పసుప్పచ్చగా గులిమి అంటి ఉంది. అత్తమ్మ వాటిని తీసుకుపోయి చెత్తకుప్పలో పారేసి వచ్చింది. ఆ వారం గోపి ఇంకో జత కొని తెచ్చాడు.

"ఎంగిలి నోటికొక్కదానికే గాదు బిడ్డా, చెవికి గూడ ఉంటది" అని నాతో అంది.

ఇక ఆమె గొంతు సంగతి. మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ల మంచీ చెడూ, పెట్టిందీ తిన్నదీ అన్నీ ఆ రాగంలోకి వస్తాయి. అది పాట కాదు. పాట అన్నవాణ్ని చెప్పుతో కొట్టాలి. శవం పక్కన కూర్చుని, ఆ మనిషికి చెప్పుకునే ఆఖరి మాట అది. మా అత్తమ్మ రాగం తీస్తే మగవాళ్లు కూడా లేచి గోడ చాటుకు పోయేవాళ్లు.

మా మామ సోమన్న పొలం దగ్గర మోటరు వేయబోయి కరెంటు షాకుతో పోయాడు. ఆ రోజు ఆమె అతని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. "మోటరేసి వస్తనంటివి, మొఖమన్న సూపకపోతివి. గిన్నెల అన్నం సల్లారిపాయె, నీ కంచం బోర్లబడిపాయె" అని. యుగంధర్ మా తలల మీదుగా ఫోను పట్టుకుని నిలబడ్డాడు. రాలేకపోయిన చుట్టాలకు చూపిస్తున్నాడు కాబోలు అనుకున్నారు అందరూ.

మొన్న వానకాలంలో గోపి ఆ కార్డులో కొత్త పాటలు ఎక్కించుకొచ్చాడు. ఈమధ్య వచ్చిన జానపదాలన్నీ ఎక్కించమంటే షాపువాడు ఎక్కించాడు. మరునాడు హైవే అవతలి మడిలో నాట్లు. అత్తమ్మా నేనూ పక్కపక్కనే ఉన్నాం. ఉన్నట్టుండి ఆమె నడుమెత్తి నిలబడింది. చేతిలోని నారు నీళ్లలో జారిపోయింది. చెవిలోంచి వైరు పీకి, పడుతూ లేస్తూ గట్టు దాకా పోయి, పొద్దున తిన్నదంతా కక్కింది.

నేను పరుగెత్తి "ఏమైందత్తమ్మా, దవాఖానకు పోదమా?" అన్నాను. ఆమె బురద చేతులతోనే ఆ వైరు కొసను తీసి నా చెవిలో పెట్టింది. ఎవరినీ ముట్టనివ్వని మనిషి.

మొదట డప్పు వినబడింది. తర్వాత మిషను దరువు. దాని మీద మా అత్తమ్మ గొంతు, "మోటరేసి వస్తనంటివి, మొఖమన్న సూపకపోతివి" అని. ఆ చివరి మాటను ముక్క చేసి, "పోతివి, పోతివి, పోతివి" అంటూ తిప్పి తిప్పి వేశారు. ఆమె ఊపిరందక ఎక్కిళ్లు పెట్టిన చోట ఎవడో మగవాడు ఈల వేశాడు. ఆ ఎక్కిళ్లను కూడా కత్తిరించి దరువుకు సరిపెట్టారు. నా ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

"మీ మామ పీనుగు మీద ఎగురుతుండ్రే" అంది అత్తమ్మ. తర్వాత కాలువ నీళ్లతో నోరు కడుక్కుని మళ్లీ మడిలోకి దిగింది.

నేను కోదాడ పోయి షాపువాణ్ని అడిగాను. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. "అదాండీ, మంచి హిట్టు. పెళ్లి బరాతులకు అదే కావాలంటున్నారు. డీజే మిక్స్ కదా, ఊపుంటది" అన్నాడు.

"అది చావింట్ల ఏడుపు."

"అవునాండీ? గొంతు మాత్రం భలే ఉంది" అని ఇంకొకరి కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

యుగంధర్‌కు ఫోను చేస్తే అతను ఇంకా మేలు. తాను ఉపకారం చేశానన్నాడు. "అక్కా, అత్త గొంతు ఈ మునగాలలనే మట్టిగలిసిపోయేది. నేను లోకానికి ఇనిపిచ్చిన. పేరు గూడ ఏసిన, సింగర్ బుచ్చమ్మ అని. కింద కామెంట్లు సదువు, అందరు ఏడుస్తుండ్రు."

"ఏడ్చేటోళ్లు బరాతుల ఎగురుతరా?"

"ఎవరెట్ల ఇంటే నేనేం జేత్తనక్కా?"

సింగర్ బుచ్చమ్మ. మొగుడి కాళ్లు పట్టుకుని, జుట్టు విరబోసుకుని ఏడ్చిన మనిషికి వీడిచ్చిన బిరుదు. గోపి వెళ్లి కాలరు పట్టుకుంటే అప్పుడు నెట్‌లోంచి తీసేశాడు. చేతులు కాలాక ఆకులెందుకు? అప్పటికే అది ఊరూరా కార్డుల్లోకి ఎక్కింది.

ఆ నెలలోనే మా వాడ మీదుగా ఒక పెళ్లి ఊరేగింపు పోయింది. ట్రాక్టరు మీద డీజే బాక్సులు. సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చేసరికి అదే పెట్టారు. తాగినవాళ్లు చొక్కాలు విప్పి, మా మామ చావు మీద చిందులేస్తున్నారు. పెళ్లికొడుకు మీద నోట్లు తిప్పుతున్నారు. వాళ్లలో సగంమంది మా మామ దినాలకు వచ్చి తిన్నవాళ్లే. నేను తలుపు వేసి లోపలికి పోయేసరికి అత్తమ్మ మూలన కూర్చుని ఉంది. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు దోపుకుంది. వైరు కొస ఒళ్లో పడి ఉంది, డబ్బాకు తగిలించలేదు. పాట లేని వైర్లను అరచేతులతో అదుముకుని, ట్రాక్టరు పోయేదాకా అట్లాగే కూర్చుంది.

తర్వాత డబ్బాను గూట్లో పెట్టేసింది. "నా ఏడుపును ఎంగిలి జేసిండ్రు రాణీ. ఎంగిలి కూడు పీనుగుకు పెడతరా? ఇగ నేను రాగం తియ్య" అంది.

అన్నట్టే వాడలో ఎవరు పోయినా వెళ్లి మౌనంగా కూర్చుని వచ్చేది. బుచ్చమ్మ సింగరైంది, ఇప్పుడు ఊరికే పాడుతుందా అని వెనక నుంచి అనేవాళ్లు. ఆ మాటలు అన్నవాళ్ల ఇళ్లకు నేను ఇప్పటికీ పోను.

వాళ్ల సంగతి సరే, అసలు గండం ఆమె తమ్ముడు సైదయ్యతో వచ్చింది. యుగంధర్ తండ్రి. తల్లి చిన్నప్పుడే పోతే అత్తమ్మ చంకన వేసుకుని పెంచిన తమ్ముడు. కిడ్నీలు చెడిపోయి సూర్యాపేట దవాఖానలో డయాలసిస్ చేయించుకునేవాడు. అక్కే ప్రతిసారీ వెంట పోయేది, అప్పుడప్పుడు నేనూ పోయేదాన్ని. ఒకరోజు ఆ మిషను పక్కన పడుకుని అడిగాడు.

"అక్కా, నేను పోతే నా మీద రాగం తీస్తవా?"

"తియ్య. నీ కొడుకు దరువేసి ఊరేగిస్తడు."

సైదయ్య కొడుకును తిట్టలేదు, వెనకేసుకునీ రాలేదు. "తోడబుట్టినదాని ఏడుపు లేకుంట నేనెట్ల పోతనే? ఊరికినబడకున్నా మంచిదే. నాకినబడితే సాలు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకడు ఫోను బిగ్గరగా పెట్టాడు. అత్తమ్మ వాణ్ని ఏమీ అనలేదు.

దసరా వెళ్లాక సైదయ్య పోయాడు. మేం నడిగూడెం చేరేసరికి శవాన్ని వాకిట్లో ఐసు పెట్టెలో పెట్టారు. కిరాయికి తెచ్చిన పెట్టె, దాని మోటరు గుర్రుమని మోగుతోంది. తోడబుట్టింది వచ్చిందని జనం దారి ఇచ్చారు. దారి ఇస్తూనే జేబుల్లోంచి ఫోన్లు తీశారు. పుండు మీద ఈగలు ముసిరినట్టు చుట్టూ మూగారు. యుగంధర్ తండ్రి తల వైపున నిలబడి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి, చేతిలో మాత్రం ఫోను ఉంది. అతని ఏడుపు దొంగ ఏడుపు కాదు. అయినా ఆ చేయి దిగలేదు, నాకు అదే ఎక్కువ రోత పుట్టించింది.

"నాయిన కోసం ఒక్కసారి రాగం తియ్యత్తా" అన్నాడు.

"పెట్టె మూత తీయుండ్రి" అంది అత్తమ్మ.

సల్లదనం పోతదని పెద్దమనుషులు వద్దన్నారు. ఆమె మళ్లీ అదే మాట అంది. చివరికి ఇద్దరు కలిసి అద్దం మూత ఎత్తి పక్కన పెట్టారు. ఆమె తమ్ముడి తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని వంగింది. కొంగు తన తల మీదుగా లాగి అతని తల మీద కూడా కప్పింది. ఇద్దరి ముఖాలూ ఆ కొంగు లోపలికి పోయాయి. నేను ఆమెను ఆనుకునే ఉన్నాను కాబట్టి చూశాను. ఆమె నోరు అతని చెవికి ఆనించి ఉంది.

ఆమె ఒళ్లు ఊగుతోంది. రాగం తీసేటప్పుడు ఎట్లా ఊగేదో అట్లాగే. వీపు ఎగసిపడుతోంది, వేళ్లు పెట్టె అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. గొంతు మాత్రం పిసరంత బయటికి రాలేదు. పక్కనున్న నాకే ఒక్క మాట వినబడలేదు. డప్పులవాళ్లు కొట్టడం ఆపారు. వాకిలంతా చెవులు రిక్కించింది. యుగంధర్ ఫోనును కొంగు అంచు దాకా తెచ్చి పట్టుకున్నాడు. ఎవరి ఫోనులోకైనా ఎక్కింది మోటరు మోత ఒక్కటే.

చాలాసేపటికి ఆమె తల ఎత్తింది. తన కన్నీళ్లతో తడిసిన తమ్ముడి చెవిని కొంగుతో తుడిచింది, రోజూ సాయంత్రం ఆ వైర్ల కొసలు తుడిచినట్టే. "ఇగ మూతేయుండ్రి" అంది.

మట్టి అయ్యాక యుగంధర్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అత్తా, నాయినకేం జెప్పినవ్? నాకొక్కనికి జెప్పు. ఒట్టు, ఎవ్వరికీ జెప్ప, ఏడా పెట్ట" అన్నాడు.

అత్తమ్మ కాళ్లు కడుక్కుంటూ అతని వైపు చూడకుండానే అంది.

"నీ ఫోన్ల ఉంటది, ఇనుకో అల్లుడా."

జాలి పడదామని చూశాను, రాలేదు. మేం బయలుదేరేటప్పుడు అతను గోడకానుకుని ఉన్నాడు. రెండు చెవుల్లోనూ వైర్లు దోపుకుని, అరచేతులతో అదుముకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. దానిలో ఐసు పెట్టె మోటరు మోత తప్ప ఇంకేమీ లేదని అతనికీ తెలుసు. అయిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటున్నాడు.