మా పక్కింటి సిస్టరమ్మ

పోయిన వారం నేను స్కూలుకి బయల్దేరుతుండగా పాస్టరు గారు ఫోన్ చేశారు. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఆయన దాన్ని చూసుకుంటారు. మేము ఆయన సంఘంలో వాళ్ళం కాము. అయినా ఊళ్ళో మంచీ చెడూ ఏం జరిగినా మాకో మాట చెబుతారు.

"అమ్మా, మన సిస్టరమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. వాళ్ళ దేశంలోనే. కాన్సరంట," అన్నారు.

అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"దగ్గర ఎవరున్నారంట?" అంది.

"చెల్లెలు ఉందంటమ్మా."

"ఆ చెల్లెలికి ఏడవడం వస్తుందో రాదో," అంది అమ్మ. ఆ పూట ఇంక పొయ్యి వెలిగించలేదు.

అమ్మ అలా ఎందుకన్నదో బయటివాళ్ళకి అర్థం కాదు. అర్థం కావాలంటే సిస్టరమ్మ ఎవరో తెలియాలి. అందుకే రాస్తున్నాను.

ఆవిడ మా ఊరు వచ్చేనాటికి నేను ఇంకా ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నాను. మా వీధంతా వేటకెళ్ళే కుటుంబాలే. మా ఇంటి పక్కన రెండు గదుల పెంకుటిల్లు ఖాళీగా ఉంటే పాస్టరు గారు అద్దెకి మాట్లాడారు. ఒకరోజు రిక్షా దిగి ఇద్దరు తెల్లమ్మాయిలు అందులోకి వెళ్ళారు. సువార్త చెప్పడానికి ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి వచ్చారన్నారు. వాళ్ళలో పెద్దమ్మాయికి మొదటి వానాకాలంలోనే కామెర్లు వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. మిగిలింది సిస్టరమ్మ ఒక్కరే. పాతికేళ్ళు కూడా ఉండవు. ఆవిడ నిజానికి మఠంలో చేరిన సిస్టరు కాదు. ఏమని పిలవాలో తెలియక మొదట ఎవరో అలా పిలిచారు, అదే పేరైపోయింది.

మా నాయనమ్మకి ఆవిడంటే మొదట్లో పడేది కాదు. "మన గంగమ్మ తల్లిని కొలవడం మాన్పించడానికే వచ్చింది. నీళ్ళు కూడా ఇవ్వకండి," అనేది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆవిడ బిందెని పక్కకి జరిపేసేవాళ్ళు. ఆవిడ ఏమీ అనేవారు కాదు. అందరూ పట్టుకున్నాక చివర్లో నింపుకుని, సగం దారిలో ఒలకబోసుకుంటూ మోసుకెళ్ళేవారు. చీర జారిపోకుండా నడుము చుట్టూ పిన్నీసులే పిన్నీసులు. కొన్నాళ్ళకి ఆ అవస్థ చూడలేక నాయనమ్మే కేకేసింది. "బిందె అలా కాదమ్మా, ఇలా నడుమ్మీద పెట్టుకో." ఆ రోజు నుంచి ఆవిడ బిందెని ఎవరూ జరపలేదు.

ఆవిడ దినచర్య మాకు గోడ ఇవతల నుంచే తెలిసేది. తెల్లారకముందే లేచి పాట పాడుకునేవారు. ఆ తర్వాత వాకిలి ఊడ్చి ముగ్గు వేసేవారు. అది ముగ్గో, పిల్లలు గీసిన గీతలో చెప్పలేం. పొద్దున్న ఆడవాళ్ళతో కలిసి రొయ్యలు ఒలుస్తూ తెలుగు నేర్చుకునేవారు. మధ్యాహ్నం ఎవరి కాలి పుండో కడిగి కట్టు కట్టడం, ఎవరో నెలలు నిండిన మనిషిని రేవు దాటించి నర్సాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళడం. సాయంత్రం మా పిల్లలకి చదువు. ఆదివారం మందిరం. ఉప్పునీళ్ళకి అరచేతులు పగిలి, బైబిలు పేజీ తిప్పుతుంటే మంట పుట్టి మొహం చిట్లించడం నేను చాలాసార్లు చూశాను.

తెలుగు పుస్తకంలో గౌరవ వాచకాలే నేర్పారేమో, ఆవిడకి 'నువ్వు' అనడం వచ్చేది కాదు. ముక్కు కారుతున్న నాలుగేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని, "రండి, కూర్చోండి, మీ పేరేంటండి?" అనేవారు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. కానీ నాకిప్పటికీ గుర్తుంది, ఆవిడ "మీరు బాగా చదువుతారండీ" అన్న రోజున నేను ఇంటికి నడిచి వెళ్ళిన తీరే వేరు. చేపల వాసనొస్తుందని స్కూల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టే పిల్లని. నన్ను అంతకుముందెవరూ మీరు అనలేదు.

చాపకి, చేపకి తేడా పలకడం ఆవిడకి చాలా కాలం రాలేదు. మా గుమ్మంలోకి వచ్చి, "చేప వేయండి, కూర్చుంటాను," అనేవారు. మా నాన్న పగలబడి నవ్వేవాడు. "ఎంత పెద్ద చేప వెయ్యమంటారు సిస్టరమ్మా? కూర్చున్నాక అది ఊరుకోవాలి కదా!" అనేవాడు. ఆవిడ కూడా నవ్వేవారు. వేట బాగా పడిన రోజున నాన్న గోడ మీదుగా నాలుగు చేపలు ఆవిడ గిన్నెలో వేసి, "ముళ్ళు జాగ్రత్తండీ" అని రెండుసార్లు చెప్పేవాడు.

ఇక ఆవిడ వచ్చిన రెండో ఏడు నవంబరు తుఫాను. దాని గురించి మా వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నాన్న అప్పటికి వేటలో ఉన్నాడు. గాలి తగ్గాక కొన్ని పడవలు వచ్చాయి. నాన్న వెళ్ళిన పడవ రాలేదు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాళ్ళని కాకినాడ వైపు ఆస్పత్రుల్లో పెట్టారని తెలిసింది. ఎవరో ఒకరు వెళ్ళి చూసి గుర్తుపట్టాలి. మా బాబాయి కూడా అదే పడవలో ఉన్నాడు, మగదిక్కు లేదు. అమ్మ బయల్దేరింది. సిస్టరమ్మ ఎవర్నీ అడక్కుండా సంచి భుజాన వేసుకుని వెంట నడిచారు. రోడ్లు తెగిపోయి, చెట్లు అడ్డంపడి, నడిచీ లారీలెక్కీ వెళ్ళారు. అక్కడ జరిగింది అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

శవాలుంచిన గది గుమ్మం దగ్గరే అమ్మ ఆగిపోయిందట. సిస్టరమ్మ అమ్మని గోడవారగా కూర్చోబెట్టి, "మీరు చూడకండి. మీ ఆయన మొహం నాకు తెలుసు. నేను చూస్తాను," అని లోపలికి వెళ్ళారట. కప్పిన గుడ్డ తీయడం, చూడడం, మళ్ళీ కప్పడం. అందరినీ చూశాక గుమ్మంలోకి వచ్చి "లేరండి" అన్నారట. ఆ తర్వాత గోడ చాటుకి వెళ్ళి వాంతి చేసుకున్నారట. నోరు కడుక్కొచ్చి, "ఇంకో ఆస్పత్రి ఉందట, పదండి," అన్నారట. అక్కడా అంతే. ఆ మర్నాడు మరోచోటా అంతే. నీళ్ళలో నాని, గుర్తుపట్టరాకుండా ఉన్న మొహాలు. పాతికేళ్ళ పిల్ల, ఏ బంధమూ లేని పిల్ల, మా అమ్మ కలల్లోకి రావాల్సిన మొహాలన్నీ తను చూసింది.

నాన్న దొరకలేదు. బాబాయి కూడా.

వాళ్ళు తిరిగొచ్చాక సిస్టరమ్మ రోజూ మా ఇంటికి వచ్చేవారు. మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "చాప వేయమంటారా?" అన్నారు. మాట సరిగ్గా వచ్చింది. ఎవరం నవ్వలేదు. ఆవిడే చాప పరిచి, అమ్మ పక్కన కూర్చుని, చీకటిపడే దాకా ఉండేవారు. బైబిలు తెచ్చేవారు కాదు. మందిరం నుంచి పరామర్శకి వచ్చిన ఒకాయన "అంతా దేవుని చిత్తం" అని మొదలుపెట్టబోతే, "ఇప్పుడు వద్దండి, దయచేసి," అన్నారు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. అమ్మ ఏడుపు ఆపుకోబోతే మాత్రం, "ఆపకండి. నేను ఎక్కడికీ వెళ్ళను," అనేవారు.

అప్పటినుంచే అమ్మ ఆవిడని నువ్వు అనడం మొదలుపెట్టింది. ఊరంతటిలో అమ్మ ఒక్కతే అలా పిలిచేది.

తుఫాను తర్వాతి వేసవిలో సిస్టరమ్మకి కబురొచ్చింది. సెంటర్లో టెలిఫోన్ బూత్ అబ్బాయి పరిగెత్తుకొచ్చి పిలుచుకెళ్ళాడు. వాళ్ళమ్మ పోయింది. గుండె ఆగిపోయిందట. ఇక్కణ్ణుంచి బయల్దేరి ఎంత తొందరగా వెళ్ళినా పూడ్చేలోగా అందుకోలేనని తెలిసి ఆవిడ ఉండిపోయారు. మధ్యాహ్నం ఎప్పట్లాగే పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించారు. కళ్ళలో ఒక్క చుక్క లేదు.

నేను ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ ఉన్నపళాన లేచింది. వీధిలో ఆడవాళ్ళని కేకేసింది. నాయనమ్మ కర్ర పట్టుకుని ముందు నడిచింది. అందరూ వెళ్ళి సిస్టరమ్మని మధ్యలో కూర్చోబెట్టారు.

"మీ అమ్మ పేరేంటమ్మా?" అంది నాయనమ్మ.

ఆవిడ చెప్పారు. నోరు తిరగని పేరు. నాయనమ్మ రెండుమూడుసార్లు పలికి చూసుకుని, ఆ పేరు పెట్టి శోకం మొదలుపెట్టింది. నీ కూతుర్ని మా ఊరు పంపించావే, నీ కడుపు చల్లగుండా తల్లీ, నీ కూతురు నీ మొహం చూడలేకపోయిందే, మా కోడలు మొగుడి మొహం చూడలేకపోయిందే అని. ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఎన్నడూ చూడని ఒక తల్లి కోసం మా వీధి మొత్తం గుండెలు బాదుకుని ఏడ్చింది. సిస్టరమ్మ మొదట బిత్తరపోయి చూశారు. తర్వాత అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చారు.

అంతా అయ్యాక అమ్మ ఆవిడ తల మీద నీళ్ళు పోసి, జుట్టు తుడిచి, అన్నం కలిపి తినిపించింది.

"మా వైపు ఇలా ఏడవరండీ. తలుపేసుకుని ఏడుస్తాం. పక్కింటికి కూడా వినిపించదు," అన్నారావిడ.

"మరి దుఃఖం ఎలా పోతుందే?" అంది అమ్మ.

"పోదండి," అన్నారు.

అమ్మ ఏనాడూ మందిరానికి వెళ్ళలేదు. ఆవిడ ఎప్పుడూ రమ్మని బలవంతం చేయలేదు. మా గంగమ్మ జాతరకి ఆవిడా వచ్చేవారు కాదు. ఆ రోజు మా పసిపిల్లల్ని తన అరుగు మీద కూర్చోబెట్టుకుని కాపలా కాసేవారు. ఎవరి నమ్మకం వాళ్ళకే ఉంది. నన్ను నర్సాపురంలో హాస్టల్లో చేర్పించి చదివించమని అమ్మని ఒప్పించింది మాత్రం ఆవిడే. ఇవాళ నేనొక టీచర్ని. నా క్లాసులో పిల్లల్ని మీరు అంటాను. తోటి టీచర్లు నవ్వుతారు.

జబ్బు సంగతి పాస్టరు గారికి ముందే తెలుసట. నాకు మొన్న చెప్పారు. "మీ అమ్మగారికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారమ్మా. ఆవిడ ఒకసారి ఎదురుచూశారు, మళ్ళీ నా కోసం ఎదురుచూపు పెట్టొద్దు అన్నారు." ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేసేవారు. పోయిన క్రిస్మస్‌కి గొంతు బలహీనంగా ఉంటే జలుబు అన్నారు. మేం నమ్మేశాం.

ఆవిడ మా ఊరు వదిలి వెళ్ళిన రోజు చెప్పి ముగిస్తాను. వీసా మళ్ళీ ఇవ్వలేదు, వెళ్ళక తప్పలేదు. గోదావరి మీద సఖినేటిపల్లి రేవు దాకా మా వీధంతా వచ్చింది. బయల్దేరేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదని, సాగనంపేవాళ్ళు వెనక్కి పిలవకూడదని మాకొక పట్టింపు. అది ఆవిడకీ తెలుసు. నాయనమ్మ కాళ్ళకి మొక్కి, అమ్మని పట్టుకుని చాలాసేపు నిలబడి, సంచి తీసుకుని రేవు దాటించే పంటు ఎక్కేశారు. అవతలి ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ఎండకి చీర కొంగు తల మీదుగా కప్పుకున్నారు. కుచ్చిళ్ళు బురద అంటకుండా ఎత్తి దోపుకున్నారు. వెనక నుంచి చూస్తే అచ్చం మా వీధి ఆడమనిషే. పంటు కదిలింది. ఆవిడ భుజాలు ఎగసిపడుతున్నాయి, కానీ తల తిప్పలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, పిలుపు బయటికి రాకుండా ఆపుకుంటూ, మోకాళ్ళ లోతు నీళ్ళ దాకా నడిచి అక్కడే నిలబడిపోయింది.