యువ పారిశ్రామికవేత్తకు మేనమామ శుభాకాంక్షలు

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న ఒక్క ఫ్లెక్సీతో, ఇంగ్లాండులో బుద్ధిగా చదువుకుంటున్న ఆడపిల్లను తిరుగు విమానం ఎక్కించడం సాధ్యమా అని ఎవరైనా అడిగితే, సాధ్యమేనని, దాదాపుగా సాధించినవాణ్ని నేనేనని సవినయంగా మనవి చేస్తాను. చదరపు అడుగుకు పన్నెండు రూపాయల చొప్పున తొమ్మిదివందల అరవై చెల్లించాను. కట్టెల చట్రం అదనం. ఇంత చవకగా ఇంత పెద్ద ప్రమాదాన్ని కొనుక్కున్నవాడు మా చుట్టుపక్కల జిల్లాల్లో మరొకడు ఉండడు.

నేను మహబూబాబాద్‌లో ఒక మిర్చి కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. ఏళ్ల తరబడి డైరీ రాస్తున్నాను. కొన్న కొత్తిమీర కట్ట కూడా అందులో తేదీతో సహా ఉంటుంది. ఈ కారణం చేత మా బంధువర్గంలో పన్ను అన్న మాట వినబడగానే మెడలన్నీ నా వైపు తిరుగుతాయి. అవి తిరిగినప్పుడల్లా నా మెడ కాస్త నిటారుగా నిలబడేదన్న సంగతి కూడా దాచను.

మా అక్కను జనగామలో ఇచ్చారు. బావ భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేస్తూ వారానికోసారి ఇంటికి వస్తాడు. వాళ్ల బిడ్డ స్రవంతి కొన్నేళ్ల కిందట పీజీ చదువుకు ఇంగ్లాండు వెళ్లింది. అక్కడి హాస్టల్ వంటగదిలో జొన్నరొట్టెలు చేస్తూ వీడియోలు పెట్టేది. రొట్టె పెనం మీద పడి కాస్త పొగ లేవగానే పైకప్పుకున్న అలారం చావుకేకలు పెట్టేది. ఈమె ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, రెండో చేత్తో తువ్వాలు విసురుతూ, "ఆగే తల్లీ, ఒక్కటే రొట్టె!" అని దాన్ని బతిమాలేది. జనం రొట్టె కోసం కాదు, అలారం కోసమే చూసేవారని నా నిశ్చితాభిప్రాయం. ఎందుకోసమైతేనేం, చూసేవారు వేలల్లోకి చేరారు.

ఒక ఆదివారం ఆమె నాకు ఫోన్ చేసింది.

"మామా, నా వీడియోల నడుమ యాడ్స్ ఏస్తరంట. జరన్ని పైసలొస్తయంట. ఒప్పుకోవాల్నా?"

"ఆగు బిడ్డా. సదివి చెప్త."

చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో పన్నుల భాగాన్ని అక్షరం వదలకుండా చదివాను. ఇలాంటి చిల్లర రాబడి ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటకపోతే సాధారణంగా పన్నూ లేదు, చెప్పుకోవలసిన అవసరమూ లేదు. నా గుండె ఉప్పొంగింది. ఒక ప్రభుత్వం చిన్నవాణ్ని చిన్నవాడిగా గుర్తించడం నేను చూడడం అదే మొదలు.

"ఒప్పుకో," అని తీర్పు చెప్పాను.

"వీసాకు ఏం గాదు గద మామా?"

"పన్నే వద్దన్నోడు వీసా కాడ ఏమడుగుతడే? రెండు దిక్కుల సర్కారు ఒక్కటే గద!"

పాఠకులారా, ఈ మాటను గుర్తుంచుకోండి. నేను జీవితంలో ఎన్నో తప్పులు మాట్లాడి ఉంటాను గానీ, ఇంత ధీమాగా మరేదీ మాట్లాడలేదు.

అక్కడితో ఊరుకుంటే మేనమామను ఎట్లా అవుతాను? మా వైపు పిల్లకు మార్కులొచ్చినా, మనవడికి పుట్టువెంట్రుకలు తీసినా, పెద్దమనిషి దవాఖాన నుంచి నడిచి ఇంటికొచ్చినా, ఫ్లెక్సీ కట్టనిదే ఆ సంగతి జరిగినట్టు కాదు. జనగామలో ఫ్లెక్సీలు ముద్రించే కుర్రవాడి దగ్గరికి వెళ్లాను. నేను రాసిచ్చిన మాటలు చూసి అతడు పెదవి విరిచాడు.

"'రొట్టెల వీడియోలు చేసే' అని పెడ్తే ఎవలు జూస్తరు సార్? 'యువ పారిశ్రామికవేత్త' అని పెడ్త."

"ఆమెకు పరిశ్రమ లేదయ్యా."

"నాకున్నదా? నా పెండ్లి ఫ్లెక్సీల నేను గూడ పారిశ్రామికవేత్తనే. రేటు గంతే సార్. కింద ఇంగ్లీషుల ఒక లైను ఫ్రీ."

ఆ ఉచిత లైనులో 'యంగ్ బిజినెస్ ఉమన్, యూకే' అని ఇంగ్లీషు అక్షరాలు వెలిశాయి. ఒక మూలన, చేతులు జోడించి, నేను.

ఫ్లెక్సీని అక్కవాళ్ల వీధి మలుపులో కట్టించాను. అక్క కూరగాయలకు వెళ్లినా ఆ మలుపు మీదుగానే వెళ్లింది, ఇంకో దారి దగ్గరైనా సరే. ఇంతలో స్రవంతి ఫోన్.

"మామా! ఆ ఫ్లెక్సీ ఎవలు కట్టమన్నరు?"

"ఎవలో ఎందుకు జెప్పాలె? మేనమామను నేనుండంగ!"

"జల్ది ఇప్పెయ్యి మామా! ఎవలో దాని ఫోటో ఇక్కడి మన తెలుగోళ్ల గ్రూపుల పెట్టిండ్రు. సీనియర్ అక్క చూసి పరేషానయింది. స్టూడెంట్ వీసా మీద సొంత యాపారం చెయ్యొద్దంట. యాడ్స్ పైసలు గూడ యాపారమే అంటున్నది."

"వెయ్యి పౌండ్ల లోపల..."

"అది పన్ను మామా! వీసా వేరే! వాళ్లు ఎంతొచ్చిందని అడగరు, చేసినవా లేదా అని అడుగుతరు. నన్ను నడుమల పంపిస్తే, బాపు గనిల దిగి కట్టిన ఫీజు ఏం గావాలె?"

ఇక్కడ నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ పిల్ల వారానికి ఇరవై గంటలు ఎవరి హోటల్లోనైనా ఎవరి ఎంగిలి పళ్లేలైనా కడగవచ్చునట, అది సమ్మతమే! తన రొట్టె తాను కాల్చుకుని, తన పొగకు తాను దగ్గి, నాలుగు పైసలు తీసుకుంటే మాత్రం అది వాణిజ్య సామ్రాజ్యమట! పన్ను వసూలు చేయడానికి చాలనంత చిన్న వ్యాపారం, దేశం నుంచి వెళ్లగొట్టడానికి మాత్రం చాలినంత పెద్దదట! అంతకంటే మండిపోయే సంగతి, ఆ నియమం నేను చదివిన వెబ్‌సైటులోనే ఉంది. పన్నుల భాగం చదివి గర్వంతో మూసేసిన మహానుభావుడు వీసాల భాగం తెరవలేదు.

మర్నాడు ఆమె విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు సలహా చెప్పే అధికారిణి దగ్గరికి బయలుదేరితే, నేను జనగామకు బయలుదేరాను. బావ ఇంటి దగ్గరే ఉన్నాడు. నిచ్చెన పట్టుకున్నాడు గానీ నోరు పట్టుకోలేదు.

"పైకెక్కు బామ్మర్ది, ఎక్కు. కొత్తిమీర కట్ట గూడ రాస్తవు గద, గిది ఏమని రాస్తవ్?"

కింద ఛాయ్ తాగుతున్నవాళ్లు లేచి వచ్చారు. "ఎందుకిప్పుతున్నవ్ సార్? పిల్ల దుకాణం మునిగిందా?"

"దుకాణమే లేదు!" అని పైనుంచి అరిచాను.

"అయ్యో, మొత్తమే పోయిందంట," అని ఒకాయన మిగిలినవాళ్లకు వివరించాడు.

నేను దిగేసరికి అక్కను ఓదార్చడానికి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. రఘునాథపల్లి నుంచి పాలు తెచ్చే ఎల్లయ్య మాత్రం ఫ్లెక్సీ అంచును వేళ్లతో నలిపి చూసి, "మంచిగ గట్టిగున్నది, నాకియ్యి అన్నా," అన్నాడు. పీడ విరగడైందని మడిచి చేతిలో పెట్టాను.

సాయంత్రం స్రవంతి ఫోన్ వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు.

"ఏం గాలే మామా. యాడ్స్ బంద్ జెయ్యమన్నది, చేసిన. పదకొండు పౌండ్లు జమైనయ్ గని చేతికి రాలే, తీసుకోవద్దన్నది. ఇగ ఏది జేసినా ముందుగల అడిగి చెయ్యమన్నది."

అక్క కళ్లు తుడుచుకుంది. బావ ఫోన్‌కు దగ్గరగా వంగాడు.

"ఫ్లెక్సీ గురించి అడిగిందా బిడ్డా?"

"ఫోటో చూపెట్టిన బాపూ. 'మూలకు చేతులు జోడిచ్చిన ఈయన ముందుగల్లనే మాఫీ అడుగుతుండా?' అన్నది."

బావ అంతగా నవ్వడం ఆయన పెళ్లిలో కూడా నేను చూడలేదు.

అంతటితో ముగిసిందనుకున్నాను. ఆ వారమే అకాల వర్షం పడింది. రఘునాథపల్లి రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల మీద ఎల్లయ్య నా ఫ్లెక్సీని, బొమ్మ పైకి వచ్చేట్టు, నాలుగు మూలలా రాళ్లు పెట్టి పరిచాడు. బస్సులో వెళుతున్న ఎవరో ఫోటో తీశారు. మర్నాడు స్రవంతి రొట్టె వీడియో కింద అది ప్రత్యక్షమైంది: "అక్కా, వడ్ల యాపారం గూడ షురూ చేసినవా? శుభాకాంక్షలు!"

ఎల్లయ్య ఇంటికి నేనే స్వయంగా వెళ్లి, కొత్త టార్పాలిన్ కొనిచ్చి, ఆ ఫ్లెక్సీని విడిపించుకుని వచ్చాను. టార్పాలిన్ ధర ఫ్లెక్సీ కంటే ఎక్కువ. ఎంతో డైరీలో ఉంది, అడగకండి.

స్రవంతి చదువు ముగిసింది, పట్టా చేతికొచ్చింది. అందుచేత, వడ్ల గింజలు ఇంకా అంటుకుని ఉన్న నా ముద్రిత నమస్కారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దేశపు పన్ను నియమం గురించీ, వీసా నియమం కూడా చదవకుండా, నోరు విప్పను. నా బంధువుల్లో ఎవరెంత ఎత్తుకు ఎదిగినా ఫోన్‌లోనే అభినందిస్తాను, అదీ గొంతు తగ్గించి.